‘అన్నా, ఉన్నారా?’ అని అడిగినందుకు

పాత చర్చలను లేపకూడదనే మర్యాద ఒకటుందని నాకు యాభై దాటాక తెలిసింది. అప్పటిదాకా నేను బతికిన లోకంలో పాత ముచ్చట లేపడమే పెద్ద కాలక్షేపం. మా చుట్టాల్లో ఎక్కడ పెళ్లి జరిగినా, ఎప్పుడో ఎవరి పెళ్లిలోనో మా పెదనాయిన విస్తట్లో మాంసం లేకుండా బొక్కలే పడ్డాయన్న సంగతి బయటికి వస్తుంది. వడ్డించినాయన పోయాడు, తిన్నాయన పోయాడు, ఆ గొడవ మాత్రం ఇంకా చల్లారలేదు. అలాంటి ఇంట్లో పుట్టి పెరిగిన నేను, ఏ తర్ఫీదూ లేకుండా నేరుగా వెళ్లి ఇంటర్నెట్టులో ఒక మిద్దెతోటల ఫోరంలో చేరాను.

ఫోరం అంటే వాట్సాప్ గ్రూపు కాదు. అందులో ఒక్కో విషయానికి ఒక్కో పేజీ ఉంటుంది. టమాటకు తెగులు పడితే ఒకటి, కరివేపాకు ఎదగకపోతే ఒకటి. ఎవరూ రాయకపోతే ఆ పేజీ మెల్లగా అడుక్కి పోతుంది. ఏళ్ల తర్వాత ఎవరైనా దాని కింద ఒక్క ముక్క రాస్తే చాలు, లేచి వచ్చి అన్నిటికన్నా పైన కూర్చుంటుంది. అంతేకాదు, అందులో అంతకుముందు రాసినవాళ్లందరికీ మెయిల్ పోతుంది. ఈ మెయిల్ సంగతి నియమాల్లో స్పష్టంగా రాసి ఉందట. నేను జనగామలో ఉంటూ రఘునాథపల్లి వైపు ఒక హైస్కూల్లో తెలుగు చెబుతాను. ప్రశ్న రెండుసార్లు చదివిగాని జవాబు రాయొద్దని పిల్లల ప్రాణం తీస్తుంటాను. ఫోరం నియమాలు నేను ఒక్కసారి కూడా చదవలేదు.

నేను అక్కడికి వెళ్లింది తోట మీద ప్రేమతో కాదు, మా ఆవిడ బోడకాకర తీగ కోసం.

మా ఆవిడది మహబూబాబాద్ జిల్లా, తొర్రూరు దగ్గర ఊరు. వాళ్ల అవ్వ, అంటే మా అత్తమ్మ, ఇంటి వెనక దడికి బోడకాకర పారించేది. వానలు పడగానే తీగ తనంతట తానే లేచేది. ఆ కూర కోసమే శ్రావణంలో మా ఆవిడ పుట్టింటికి పోయేదంటే నేను నమ్ముతాను. వండుకున్న కూరలో నా వాటాగా డబ్బాలో వచ్చేది ఎప్పుడూ అడుగున మిగిలిన మసాలానే. అత్తమ్మ పోయింది. బావమరుదులు ఆ జాగ అమ్మారు. కొన్నవాళ్లు ప్లాట్లు చేసి హద్దురాళ్లు పాతారు. జేసీబీ వస్తుందన్న రోజున మా ఆవిడ పోయి, దడి కింద తవ్వి, ఒకే ఒక్క గడ్డ తువ్వాలలో చుట్టుకొని బస్సెక్కింది. చీరలు, ఇత్తడి బిందెలు వదినలు పంచుకుంటుంటే ఈమె వాటి వైపు చూడలేదు. పుట్టింటి నుంచి ఆమె తెచ్చుకున్నది ఆ గడ్డే.

దాన్ని మా మిద్దె మీద నీలం డ్రమ్ములో పెట్టాం. తీగ బాగానే పారింది. పందిరంతా అల్లుకుంది. పొద్దుగూకే వేళ పసుపుపచ్చ పూలు విచ్చేవి. కాయ మాత్రం ఒక్కటి పడలేదు. మొదటి యేడు ఎండ ఎక్కువైందని అన్నాను. రెండో యేడు నీళ్లు ఎక్కువయ్యాయని అన్నాను. మూడో యేడు ఏమనాలో తోచక పేడ ఎరువు మార్పించాను. మా ఆవిడ రోజూ పైకి పోయి, ఆకులు ఎత్తి చూసి, కిందికి వచ్చేది. ఒకరోజు మాత్రం అంది: “మా అవ్వకు నా మీద కోపమున్నదేమో.” ఎందుకని అడిగాను. ఆఖరి రోజుల్లో దవాఖానలో ఎక్కువ రోజులు ఉండలేకపోయానని, అందుకే తీగ కాయట్లేదేమోనని అంది. తెలుగు వ్యాకరణంలో దీనికి జవాబు లేదు. నేను ఫోన్ తీసుకొని ఫోరంలో చేరాను.

నా మొదటి ప్రశ్న ఇప్పటికీ అక్కడే ఉంది, చూసినప్పుడల్లా చెవులు వేడెక్కుతాయి. “గౌరవనీయులైన సభ్యులకు వినమ్ర నమస్కృతులు. మా గృహోపరితలమున బోడకాకర లత పుష్పించుచున్నది గాని ఫలించుట లేదు. కారణము తెలుపగలరు.” బడిలో కూడా నేనిలా రాయను. కొత్తవాళ్ల ఇంటికి పోతే ఇస్త్రీ చొక్కా వేసుకుంటాం కదా, అలా వేసుకున్న భాష అది. కాసేపటికే అడ్మిన్ గారు వచ్చారు. కొత్త చర్చ మొదలుపెట్టే ముందు పాతవాటిలో వెతకడం మర్యాద అన్నారు. నేను వెతికాను. బోడకాకర అనే మాటే ఆ ఫోరంలో ఎక్కడా లేదు. అదే చెప్పాను. “ఆగాకర అని వెతకండి,” అని జవాబు వచ్చింది.

పుట్టినప్పటి నుంచి తింటున్న కాయకు ఇంకో పేరుందని అలా తెలిసింది. కృష్ణకు అవతలి పక్క దాన్ని ఆగాకర అంటారట. ఆ పేరుతో వెతికితే కరోనా కన్నా ముందటి పేజీ ఒకటి దొరికింది. మొత్తం చదివాను. గోదావరి జిల్లాల పెద్దాయన ఒకరు ఎంతో ఓపికగా రాశారు: ఈ తీగల్లో ఆడది వేరు, మగది వేరు. పువ్వు కింద వేలిగోరంత పిందె కనిపిస్తే అది ఆడతీగ. పిందె లేకుండా ఉత్త కాడే ఉంటే మగతీగ. రెండూ పక్కపక్కన ఉంటేనే కాయ.

ఫోన్ పట్టుకొని మిద్దె మీదికి పోయాను. ఒక్కో పువ్వు తిప్పి చూశాను. ఒక్కదానికీ పిందె లేదు. మా ఆవిడకు చెప్పాను. చాలాసేపు ఆ తీగనే చూసి, “గింత పొడుగు దడిల మొగోన్నే దొరకవట్టిన్నా,” అంది. తర్వాత నవ్వింది, కళ్లు తుడుచుకుంది. అవ్వకు కోపం లేదని తేలడం ఒక ఎత్తు. కానీ ఆడగడ్డలన్నీ జేసీబీ కింద పోయాయి. ఇక ఈ తీగకు ఎక్కడినుంచో జత తేకపోతే, అత్తమ్మ దడి మా డ్రమ్ములోనే ఆగిపోతుంది.

ఆ పాత పేజీలో చివరి ముక్క భూపాలపల్లి నుంచి ఒకాయన రాసింది. “మా ఇంటికాడ ఆడ గడ్డలు మస్తున్నయి. కావల్సినోళ్లు రాండ్రి, పైసల్ వద్దు.” దాని కింద ఇంకెవరో, దయచేసి ఫోరంలో శుద్ధమైన తెలుగులో రాయమని కోరారు. అంతే, ఆ తర్వాత ఆయన మళ్లీ రాయలేదు. పేజీ అడుక్కి పోయింది.

ఇక్కడే నా పెంపకం నన్ను ముంచింది. గడ్డలు కావాలని ఒక్క మాట రాస్తే సరిపోయేది. కానీ అంతమంది కూర్చున్న చోటికి పోయి, ఎవరినీ పలకరించకుండా మనకు కావలసింది అడిగి వచ్చేస్తామా? పేజీ మొదటి నుంచి రాసినవాళ్లందరినీ వరుసగా పలకరించాను. మిద్దె కారుతోందన్న ఆమెను కారడం ఆగిందా అని అడిగాను. అత్తగారి మోకాలి ఆపరేషన్ గురించి రాసినామెను ఇప్పుడు నడుస్తున్నారా అని అడిగాను. కూతురి పురుడుకు వెళ్తున్నాను, వచ్చాక జవాబిస్తాను అన్నాయన్ను, మనవడా మనవరాలా అని అడిగాను. చివరికి అసలు మనిషి దగ్గరికి వచ్చాను. మా దగ్గర ఎవరింటికి పోయినా గేటు బయట నిలబడి ఒక కేక వేస్తాం. లోపలి నుంచి “ఉన్నం, రాండ్రి” అంటారు. అదే నేనూ రాశాను, ఇస్త్రీ చేసి: “భూపాలపల్లి అన్నా, ఉన్నారా?”

పంపించి బడికి పోయాను. సాయంత్రం వచ్చి చూసేసరికి ఆ పేజీ అన్నిటికన్నా పైన ఉంది. మనవరాలండి, ఇప్పుడు రెండో తరగతి అని ఒక జవాబు. దాని కింద ఎవరో, ఆయనకేమైందండి అని అడిగారు. ఆ కింద ఇంకొకరు, అయ్యో నాకు తెలియదే, కరోనాలోనా అన్నారు. కరోనా తర్వాత ‘ఉన్నారా’ అనే మాటకు అర్థం మారిపోయిందని నాకు తట్టలేదు. ఆ తర్వాత వచ్చినవాళ్లు అడగడం మానేసి చేతులు జోడించారు. వరుసగా దండాలు, దీపాలు, తెల్ల పూలు. మంచి మనిషి, అడక్కుండానే గడ్డలు ఇస్తానన్నాడు అని ఒకరు. శుద్ధమైన తెలుగులో రాయమన్నాయన కూడా వచ్చి, ఆయన భాషలో మట్టి వాసన ఉండేదని రాశాడు.

అందరూ ఇంత ఖాయంగా చెబుతుంటే నిజమేననుకున్నాను. మా ఉపాధ్యాయుల్లో ఎవరు పోయినా సంతాపం నాతోనే రాయిస్తారు, చెయ్యి అలవాటు పడింది. “తీగలకు జతకూర్చిన చేతులు నేడు నేలతల్లి ఒడిలో విశ్రమించాయి. భూపాలపల్లి వనసీమలు మూగబోయాయి. ఇది తోటమాలుల లోకానికి తీరని లోటు” అని రాశాను. ఆయన ముఖం కూడా నాకు తెలియదు. దానికి చాలామంది లైకులు కొట్టారు. ఆ సంగతి మా ఆవిడకు కొంచెం గర్వంగానే చెప్పాను. ఆమె ఆ పేజీ అంతా తిరగేసి అంది: “ఉన్నరా అని నువ్వే అడిగినవ్. పోయిండని ఎవలూ చెప్పలే. నువ్వే ఏడ్సినవ్. ఇగ గడ్డలెవలిస్తరు?”

రెండు రోజులకు జవాబు వచ్చింది. అందరి దండాల కింద, ఒకే వరుసలో.

“నేనున్న. గడ్డలు గూడ ఉన్నయి.”

తర్వాత అడ్మిన్ గారు వచ్చి, పాత చర్చలను అనవసరంగా లేపడం వల్ల కలిగే నష్టాలకు ఇదొక ఉదాహరణ అని రాసి, ఆ పేజీకి తాళం వేశారు. వెతకలేదని ఒకసారి తిట్టి, వెతికి రాసినందుకు ఇంకోసారి తిట్టినట్టయింది. నియమాల్లో ఇప్పుడు కొత్త వాక్యం ఒకటి చేరింది: పాత సభ్యుల క్షేమసమాచారాలు చర్చల్లో అడగరాదు. నా పేరు రాయలేదు గాని, ఆ వాక్యం నాదే. ఇన్నేళ్లు తెలుగు చెప్పి నేను ఈ భాషకు చేర్చింది అదొక్కటే.

తాళం పడకముందే భూపాలపల్లి ఆయన నాకు విడిగా ఫోన్ నంబరు పంపాడు. భయపడుతూ చేశాను. తిట్టలేదు. తీగ పచ్చగా ఉన్నప్పుడు తవ్వితే గడ్డ చచ్చిపోతుందని, ఎండాకాలం రమ్మని చెప్పాడు. దాంతో మా ఆవిడకు ఇంకో దిగులు పట్టుకుంది. అప్పటిదాకా డ్రమ్ములో గడ్డ కుళ్లిపోతే? తీగ ఎండిపోయాక కూడా రోజూ పైకి పోయి మట్టి మీద చెయ్యి పెట్టి వచ్చేది.

సెలవులివ్వగానే బయల్దేరాం. హనుమకొండలో బస్సు మారి, పరకాల మీదుగా భూపాలపల్లి చేరేసరికి ఎండ నెత్తిన కూర్చుంది. బొగ్గుబాయిలో, అంటే గనిలో, ఉద్యోగం చేసి రిటైరయ్యాక ఆయన కట్టుకున్న ఇల్లు ఊరి చివర ఉంది. గేటు ముందు నిలబడ్డాం. ఎలా పిలవాలో నాకు తెలియలేదు. ఆ ఒక్క మాట తప్ప ఇంకే మాటా నోటికి రావట్లేదు, ఆ మాట నోట రాకుండా పళ్లు బిగబట్టుకున్నాను. మా ఆవిడ నా వైపు ఒకసారి చూసి, గట్టిగా కేక వేసింది.

“అన్నా, ఉన్నరా?”

“ఉన్న, రాండ్రి,” అని లోపలి నుంచి గొంతు వినిపించింది. వెంటనే ఒక పెద్ద నవ్వు.

మనిషి నేను ఊహించినట్టు లేడు. ఎర్ర టీషర్టు, మెళ్లో గొలుసు, గొప్పలు చెప్పుకోవడంలో ఏ మొహమాటమూ లేదు. భూపాలపల్లిలో తన పందిరంత పందిరి లేదన్నాడు. మేం ఇంకో పందిరి చూడలేదు కాబట్టి ఒప్పుకున్నాం. మజ్జిగ ఇచ్చి, ఫోన్ తీసి, తన మీద వచ్చిన సంతాపాలన్నీ మాకు చదివి వినిపించడం మొదలుపెట్టాడు. ఆయన భార్య అవన్నీ ఇప్పటికే చాలాసార్లు విన్నట్టుంది, లేచి వంటింట్లోకి పోయింది. భూపాలపల్లి వనసీమలు మూగబోయాయి అన్నదగ్గర ఆగి, “గిది మీదే గదా సారూ? వనసీమలంటే ఏంది?” అని అడిగాడు. అడవులని చెప్పాను. అడవుల్లో కోతుల గోల అలాగే ఉంది, ఏమీ మూగబోలేదు అన్నాడు. నేను మజ్జిగ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

మళ్లీ ఎందుకు రాయలేదని మా ఆవిడ అడిగింది. ఆయన నవ్వు కొంచెం తగ్గింది.

“బోడకాకరల చేదుండదు చెల్లె. నా తెలుగు మాత్రం ఆళ్లకు చేదు తగిలింది. ఊకున్న. ఇప్పుడు జూడు, సచ్చినంక మంచిగైంది.”

ఆయన అది కోపంగా అనలేదు. కానీ నాకు గుచ్చుకుంది. గృహోపరితలమున అని రాసింది నేనే కదా. శుద్ధంగా రాయమని ఆయనకు ఎవరో చెప్పాల్సి వచ్చింది. నాకు ఎవరూ చెప్పకముందే, నా భాషను ఫోరం గేటు బయట విప్పి లోపలికి పోయాను.

పెరట్లో ఎండిన తీగలు నేలకు అతుక్కుపోయి ఉన్నాయి. ఏది ఆడదో ఏది మగదో ఎలా తెలుస్తుందని అడిగితే వంగి చూపించాడు. పూత మీద ఉన్నప్పుడే ఆడతీగల మొదట్లో ఒక్కో గాజు తొడిగి పెడతాడట. తీగ ఎండినా గాజు అక్కడే ఉంటుంది. మట్టి కొట్టుకుపోయిన ఎర్ర గాజులు, ఆకుపచ్చ గాజులు నేల మీద వరుసగా కనిపించాయి. మా ఆవిడ అక్కడే కూలబడి ఒకటి వేలితో తుడిచింది. మాది మగతీగ అని ఆయనకు ముందే తెలుసు. అందుకని మర్యాదలన్నీ మగపెళ్లివారి లెక్కనే జరిగాయి. పిల్లగాని తరపోళ్లు మీరు, ఉత్త చేతులతో పోవద్దని, రెండు గడ్డలతో పాటు మా ఆవిడకు జాకెట్ ముక్క, బొట్టు పెట్టించాడు. పిల్లగానిది ఏ ఊరని అడిగాడు. తొర్రూరు దగ్గర, మా అవ్వ దడి అని ఆమె చెప్పింది. దడి ఇప్పుడు లేదని కూడా చెప్పింది. అప్పుడాయన గొప్పలు ఆపాడు. ఇంకో గడ్డ తవ్వి, మూడింటి గాజులూ తీసి సంచిలో వేశాడు.

తిరుగు బస్సులో ఆ సంచి ఆమె ఒళ్లోనే ఉంది. పైన పెడతానంటే వినలేదు. ఇంటికి రాగానే గడ్డలను కొత్త డ్రమ్ముల్లో నాటి, వాటి పక్కన మట్టిలో గాజులు గుచ్చింది. వానలు పడ్డాయి. మగతీగ ముందు లేచింది, దాని తర్వాత ఒక్కటొక్కటిగా మూడూ లేచాయి. పువ్వు కింద పిందె మొదట చూసింది నేనే అని చెప్పుకోవాలని ఉంది గాని, నేను చూసింది మొగ్గను. పొద్దుగూకి పూలు విచ్చాక, మగపువ్వు తెంపి ఆడపువ్వుకు అద్దాలి. ఆ పెళ్లికి పురోహితుణ్ణి నేనే. మొదటి పువ్వు చేజారి డ్రమ్ము వెనక పడిపోయింది. మా ఆవిడ నన్ను పక్కకు జరిపి, మిగతావి తనే అద్దింది.

పిందెలు కొన్ని పసుపుబారి రాలిపోయాయి. ఒకటి నిలబడింది. బోడి ముళ్లతో, పచ్చగా, రోజురోజుకూ లావెక్కింది. ఫోరంలో చెబుదామని చూస్తే పాత పేజీకి తాళం అలాగే ఉంది. కొత్త పేజీ తెరిచి ఫొటో పెట్టాను. ఈ విషయం మీద ఇప్పటికే చర్చ ఉంది, దయచేసి వెతకండి అని జవాబు వచ్చింది. ఈసారి కోపం రాలేదు. కిందికి దిగి ఉల్లిగడ్డ కోసి, మూకుడు కడిగి, కత్తి కూడా పక్కన పెట్టుకున్నాను. నా జన్మలో మొదటిసారి, అడుగు మసాలా కాకుండా అసలు ముక్క తినబోతున్నాను.

పైనుంచి మా ఆవిడ గొంతు వినిపించింది. ఫోన్ స్పీకర్లో పెట్టి మాట్లాడుతోంది.

“అన్నా, ఉన్నరా?”

“ఉన్న చెల్లె, చెప్పు.”

“కాసింది,” అంది. ఆ ఒక్క మాటే. నేను మెట్ల మీద ఉల్లిగడ్డ చేతులతో నిలబడిపోయాను. కళ్లు మండుతున్నాయి, అది ఉల్లిగడ్డ వల్లేనని ఎవరైనా అడిగితే చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను.

“తెంపకు చెల్లె,” అన్నాడాయన. “ఎర్రగ పండి పలిగేదాక ఉంచు. ఇత్తులు మీ అవ్వయి.”

ఆమె కిందికి వచ్చింది. పొయ్యి పక్కన నా ఏర్పాట్లన్నీ చూసింది. కత్తి తీసి కడిగి దాని చోట పెట్టేసింది.

“గా ఉల్లిగడ్డ పప్పులకెయ్యి,” అంది.